ల్యాప్‌టాప్ కాలిపోతోందా? ముందు అరచెయ్యి పెట్టి చూడండి

చెన్నైలో నడివేసవి కత్తిరి ఎండలు మొదలయ్యాయంటే నా రిపేరు బల్ల మీద ల్యాప్‌టాప్‌లకు చోటు చాలదు. చాలామంది అప్పటికే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో, ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ కొనేసి వస్తారు. "అన్నా, ఇది పెట్టినా కాలిపోతోంది" అంటారు. కాలదా మరి, లోపల గాలి పోయే దారే మూసుకుపోతే!

ఏదీ కొనకముందే, వీడియో కాల్ నడుస్తుండగా వేడిగాలి బయటికొచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టండి. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ టెంపరేచర్ కూడా చూడండి. ఫ్యాన్ గోల పెడుతున్నా గాలి పీలగా వస్తుంటే దుమ్ము పట్టినట్టే. గాలి జోరుగా వస్తున్నా అందులో పెద్దగా వేడి లేక, ప్రోగ్రామ్‌లో మాత్రం 95 డిగ్రీలు కనిపిస్తే, ప్రాసెసర్ చిప్‌కీ దాని వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. వేడి చిప్ దగ్గరే ఆగిపోతోందన్నమాట. 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే చాలా ప్రాసెసర్లు వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. "స్లో అయింది, ర్యామ్ వేయండి" అని అడిగేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే.

దుమ్ము ఫ్యాన్‌కీ దాని ముందుండే సన్నటి రేకులకీ మధ్య కంబళి ముక్కలా అట్టకడుతుంది. బయటి నుంచి ఊదితే కదలదు. షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, వెనక మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఫ్యాన్ రెక్క కదలకుండా వేలితో పట్టుకునే బ్లోయర్ కొట్టాలి, లేదంటే అది అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతినొచ్చు. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జింగ్ పెట్టొద్దు.

పేస్ట్ మార్చాలంటే పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది కొద్దిగా వేయాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటే ఆ వరుసలోనే, కొంచెం కొంచెంగా బిగించండి. వారంటీలో ఉన్న మెషీన్ జోలికి మీరు పోకపోవడమే మంచిది.

ఇవన్నీ చేసేదాకా పని ఆగకూడదంటే, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి దించండి. మామూలుగా దాంతో టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు వేగం, ఆగి వేడి తగ్గుతుంది. పరుపు మీద పెట్టి వాడొద్దని వేరే చెప్పాలా!

డెస్క్‌టాప్ అయితే సీపీయూ బాక్స్‌ను టేబుల్ అరలోంచి బయటికి లాగండి. ప్రాసెసర్ మీదుండే కూలర్ (ఫ్యాన్, హీట్‌సింక్ జత) ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చిందే అయితే, కరెంటు తీసేసి దాని నాలుగు ప్లాస్టిక్ పిన్నులూ చూడండి. ఒక్కటి లేచినా చాలు, వేడి పెరిగిపోతుంది. టక్‌మనేదాకా నొక్కండి.