అనంతపురం ఎండల్లో పిల్లలతో కూరగాయలు పెంచడం ఎలా?

మా ఇంట్లో తొలి ప్రయత్నం కొత్తిమీరతో చేశాం. చెడింది. ధనియాలు మొలకెత్తడానికి పది రోజులు పట్టవచ్చు. ఆరేళ్ల పిల్లకు పది రోజులంటే ఒక యుగం. మూడో రోజు నుంచే మా అమ్మాయి పొద్దున్నే లేచి, పుల్లతో మట్టి గెలికి, గింజలు ఉన్నాయో లేదో చూసి మళ్లీ కప్పేది. ఒక్కటీ మొలవలేదు. తప్పు పిల్లది కాదు, ఆ గింజను ఎంచుకున్న నాది. అప్పటి నుంచి ఏ పంట వేయాలన్నా నేను ముందు చూసేది ఒక్కటే: అది ఎన్ని రోజుల్లో పిల్లల కంటికి కనిపిస్తుంది?

మొదట చోటు, కాలం

మే నెలలో మొదలుపెట్టవద్దు. మృగశిర కార్తె వచ్చి, ఒకటి రెండు వానలు పడి, నేల కాస్త చల్లబడ్డాక దిగండి. పొద్దుటి ఎండ అయిదారు గంటలు పడి, మధ్యాహ్నానికి గోడ నీడ వచ్చే చోటు మేలు. మేడ మీద పెట్టేవారు జూన్, జూలైల్లో వీచే పడమటి గాలిని కూడా లెక్కలో పెట్టుకోండి. ఎండ కంటే ఆ గాలే తొట్లను ముందు ఆరబెడుతుంది. పిల్లకు రెండు తొట్లు చాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊళ్లో పది తొట్లు పెట్టి, తడపలేక ఎండబెట్టడం దేనికి?

తర్వాత మట్టి

మన ఎర్రమట్టికి ఒక గుణం ఉంది. తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అందుకే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. పచ్చి పేడ వేయవద్దు, దాని వేడికి వేళ్లు మాడతాయి. ఈ కలిపే పని పూర్తిగా పిల్లలకు వదిలేయండి. చేతులకు గాయాలుంటే మాత్రం ఆ రోజు ఆపి, పని అయ్యాక సబ్బుతో కడిగించండి. పాత రంగు డబ్బాలైనా పనికొస్తాయి, శుభ్రంగా కడిగి అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టాలి.

ముందుగా మెంతులు

విత్తనాల కొట్టుకు పోనక్కర్లేదు, పోపుల డబ్బాలో ఉన్నాయి. రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, పొద్దున మట్టి మీద చల్లి, పలుచగా మట్టి కప్పండి. మూడు నాలుగు రోజుల్లో పచ్చగా తలలెత్తుతాయి. అదే రోజు పది గింజలను గాజు గ్లాసులో తడి గుడ్డకు, గాజుకు మధ్య ఇరికించి పెట్టండి. గింజ పగలడం, తెల్లటి వేరు కిందికి దిగడం పిల్లలు కళ్లారా చూస్తారు. తవ్వి చూడాలన్న కోరిక అక్కడే తీరిపోతుంది. సుమారు 25 రోజులకు కత్తెరతో కోసి పప్పులో వేయవచ్చు.

ఆ తర్వాత బెండ

నానబెట్టిన గింజలను వేలి మొదటి గీత లోతున, తొట్టికి రెండు మూడు చొప్పున నాటి, చివరకు బలమైన ఒక్క మొక్కనే ఉంచండి. మిగిలినవి పీకేటప్పుడు ఏడుపు ఖాయం, ముందే చెప్పి పెట్టండి. ఏడు వారాలకు కాపు మొదలవుతుంది. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ: దాన్ని మందారం పక్కన పెట్టి చూపండి. రెండూ ఒకే కుటుంబం. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుంటుంది, అయిదారు రోజుల్లో కాయ కోతకు వస్తుంది. ఒక రోజు మరిచారా, పీచు.

నీళ్లు, పురుగులు

నీళ్లు పొద్దున్నే పోయాలి. ముందు వేలు గుచ్చి, లోపల తడి ఉంటే ఆ రోజు మానేయడం నేర్పండి. ఎక్కువ మొక్కలు పిల్లల ప్రేమ వల్లే కుళ్లుతాయి. మట్టి మీద వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది, మన దగ్గర దానికి కొదవ లేదు. లేత ఆకులకు గుంపుగా పట్టి రసం పీల్చే చిన్న పురుగులే పేనుబంక. అది పడితే నీళ్లు చిమ్మి కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి పెద్దవాళ్లే చల్లండి. నల్ల చుక్కలున్న ఎర్రటి అక్షింతల పురుగు కనిపిస్తే చంపనివ్వకండి. పేనుబంకను తినేది అదే.

చివరగా చెనిక్కాయ

వేరుశనగ కూరగాయ కాదు, నాకు తెలుసు. అయినా అనంతపురం పిల్లలకు అది ఎలా కాస్తుందో తెలియకపోతే ఎలా? వేయించని కాయ వలిచి, పొర చెదరని రెండు గింజలను వెడల్పాటి తొట్టిలో నాటండి. నెల తిరిగేలోపు పసుపు పూలు వస్తాయి. ఆ తర్వాతే అసలు వింత. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ ఒకటి బయలుదేరి, కిందికి వంగి, మట్టిలోకి దిగుతుంది. కాయ కట్టేది ఆ కొన మీద, చీకట్లో. మట్టి గట్టిగా ఉంటే ఊడ దిగలేదు, కాబట్టి పూత రాగానే మొక్క చుట్టూ మట్టిని చేతితో గుల్ల చేయించండి. ఊడలు దిగాక మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

సుమారు 110 రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. మట్టి తడిపి మొక్కను పీకించండి. మా వాడి తొట్టిలో పదకొండు కాయలు, వాటిలో మూడు పొల్లు. కడిగి, ఉప్పు వేసి ఉడకబెట్టండి. ఎవరి తొట్టి కాయలు వారి గిన్నెలోనే పెట్టండి. పొరపాటున కలిపారో, ఆ పంచాయితీ రాత్రి దాకా తెగదు.