బొటనవేలి మొదట్లో కీలు అరుగుదల: కసరత్తు చేసినా నొప్పి తగ్గకపోతే

డబ్బా మూత తిప్పినా, తాళం తీసినా, చీర పిండినా బొటనవేలి మొదట్లో, మణికట్టుకు కాస్త పైన, పోటు. ఎక్స్‌రే చూసి కీలు అరిగిందన్నారు, కసరత్తులు చేయమన్నారు. చేస్తున్నారు. తగ్గడం లేదు, లేదా మొదటికంటే పెరిగింది. ఇది అలాంటివారి కోసం.

చాలామంది విషయంలో లోపం వేలు పెట్టే తీరులో ఉంటుంది. బొటనవేలు గుండ్రంగా వంగి ఉన్నప్పుడే బలం పెట్టాలి. అరచేతిలోకి వాలిపోయి, నడుం విరిగినట్టు ఉన్న వేలితో బలం పెడితే ఆ బరువంతా మొదట్లోని కీలు మోస్తుంది.

ఆ కీలు మణికట్టులోని ట్రపీజియం అనే చిన్న ఎముకకూ బొటనవేలి మొదటి ఎముకకూ మధ్య ఉంటుంది. ఒక గుర్రపు జీను మీద ఇంకో జీను అడ్డంగా బోర్లించినట్టు ఉంటుంది దాని తీరు. అందుకే వేలు అన్ని వైపులకూ తిరుగుతుంది, అందుకే సులువుగా జారుతుంది కూడా. దాన్ని పట్టి ఉంచేవి లిగమెంట్లు, కండరాలు. వేలికొనతో కిలో బలంతో చిటిక పడితే, అంటే బొటనవేలు, చూపుడువేలి కొనల మధ్య నొక్కి పట్టుకుంటే, ఈ కీలు మీద పడేది సుమారు 12 కిలోలని 1977లో వచ్చిన ఒక బయోమెకానిక్స్ అధ్యయనం లెక్కకట్టింది. వంటింట్లో పట్టకారుతో పాలగిన్నె దించినప్పుడల్లా జరిగేది ఇదే.

ముందు ఒక పరీక్ష: నొప్పి ఆ కీలుదేనా?

బొటనవేలి ఎముక వెంట రెండో చేతి వేలిని మణికట్టు వైపు జార్చుకుంటూ రండి. ఎముక అయిపోయి చిన్న పల్లం తగిలే చోటే ఈ కీలు. అక్కడ నొక్కితే మీ నొప్పే వస్తే దారి సరైనదే. పాతబడిన అరుగుదలలో అక్కడ మెట్టులా ఒక గుబ్బ కూడా కనిపిస్తుంది.

నొప్పి ఇంకాస్త మోచేతి వైపుకు, మణికట్టు పక్క ఎముక మీద ఉండి, బొటనవేలిని గుప్పెట్లో మూసి చేతిని చిటికెనవేలి వైపు వంచితే భరించలేనంతగా వస్తే అది స్నాయువు వాపు కావచ్చు. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లుల్లో ఎక్కువ. వేలు వంచాక ఇరుక్కుని టక్కున తెరుచుకుంటే ట్రిగ్గర్ థంబ్. రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే నరం నొక్కుకుంటోంది. వీటికి ఈ కసరత్తులు మందు కావు.

పొద్దున లేచాక బిగుతు అరగంటలోపు వదిలితే అరుగుదల లక్షణం. గంట దాటినా వదలక, రెండు చేతుల కణుపులూ మెత్తగా ఉబ్బి ఉంటే కీళ్లవాతం చూసే డాక్టరును (రుమటాలజిస్టు) చూడాలి. కిందపడ్డాక మొదలైన నొప్పికి, ఎర్రగా వేడెక్కిన వాపుకి, జ్వరంతో వచ్చిన నొప్పికి ముందు డాక్టరు, తరవాతే కసరత్తు.

లక్షణం: బొటనవేలు పక్కకి తెరుచుకోవడం లేదు, గ్లాసు పట్టుకుంటే ఇరుకుగా ఉంది

కారణం: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న అడక్టర్ కండరం. నొప్పి ఉన్న చేతిని మనం తెలియకుండానే దగ్గరికి ముడుచుకుంటాం. నెలల తరబడి అలా ఉంటే ఆ కండ కుదించుకుపోయి వేలిని అరచేతిలోకి లాగుతుంది, ఎముక మొదలు బయటికి జారుతుంది. ఈ బిగువు వదలకుండా బలం పెంచే కసరత్తు మొదలుపెట్టడం మనం చూసే తప్పుల్లో అతి పెద్దది.

పరిష్కారం: చేతిని బల్లమీద, చిటికెనవేలి అంచు కిందికి వచ్చేలా ఆనించండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేళ్లతో ఆ కండను ముందూ వెనకా పట్టి నెమ్మదిగా నొక్కండి. గట్టిగా, తాడులా తగిలే చోట ఆగి, అది మెత్తబడేదాకా 30 సెకన్ల నుంచి నిమిషం పాటు ఉంచండి. రెండో చెయ్యి కూడా నొప్పిగా ఉంటే బట్టలు ఆరేసే క్లిప్పు, స్ప్రింగు వదులైనది, ఆ కండకు పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఉంచవచ్చు. చర్మం కోయకుండా మధ్యలో పలచటి గుడ్డ పెట్టుకోండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, చర్మం పలచబడ్డ పెద్దవాళ్లు, చేతుల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు క్లిప్పు జోలికి వెళ్లొద్దు, వేళ్లతోనే చేసుకోండి.

వేలికొన పట్టుకుని పక్కకి లాగడం మాత్రం వద్దు. అలా లాగితే సాగేది మధ్య కణుపు (మొదట్లోని కీలుకూ గోరు దగ్గర కణుపుకూ నడుమ ఉన్నది), బిగిసిన చోటు కదలదు.

లక్షణం: గ్లాసు ఆకారం రావడం లేదు

గ్లాసు ఆకారం అనే కసరత్తు మిగతా అన్నిటికీ పునాది. స్టీలు గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టండి, లోపల గ్లాసు లేదు. బొటనవేలు మొదటి నుంచి తెరుచుకోవాలి, దాని రెండు కణుపులూ కాస్త వంగి ఉండాలి. 5 సెకన్లు ఆగి వదలండి. 10 సార్లు, రోజుకు రెండు విడతలు.

సరిగా రానివాళ్లలో వేలికొన మాత్రం వెనక్కి విల్లులా వంగుతుంది, మొదలు కదలదు. అప్పుడు నిజం గ్లాసే తీసుకోండి. చేతిని దాని చుట్టూ వదులుగా పెట్టి, గ్లాసును మెల్లగా బయటికి తీసేసి ఆకారం చెడకుండా ఉంచండి. ముందు సన్నటి గ్లాసు, రెండు వారాలకు ఇంకాస్త లావుది. కీలు బిగిసి ఉంటే 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ఉంచి మొదలుపెడితే సులువు.

ఇది వచ్చాక బొటనవేలి కొనను ఒక్కొక్క వేలి కొనకు తాకించి సున్నా చుట్టండి. తాకితే చాలు, నొక్కొద్దు. చిటికెనవేలిదాకా వెళ్లేసరికి సున్నా చదునైపోతుంటే ఉంగరంవేలి దగ్గరే ఆపండి.

లక్షణం: చిటిక పడితే మధ్య కణుపు వెనక్కి విరుగుతోంది

కలం, సూది, మాత్రల స్ట్రిప్పు పట్టుకున్నప్పుడు పక్క నుంచి మీ వేలిని చూడండి. బొటనవేలి మధ్య కణుపు లోపలికి కుంగి, గోరు దగ్గర కణుపు బాగా మడతపడి జెడ్ ఆకారం కనిపిస్తుంటే, మొదట్లోని కీలు తెరుచుకోలేని లోటును మధ్య కణుపు పూడుస్తోందన్న మాట. ఇలా ఉన్నంతకాలం ఏ చిటిక కసరత్తూ మేలు చేయదు.

మడిచిన కాగితం ముక్కను బొటనవేలు, చూపుడువేలి కొనల మధ్య పట్టుకుని, మధ్య కణుపు కుంగకుండా 5 సెకన్లు నిలపండి. కాగితం జారనంత బలం చాలు. అద్దం ముందు చేస్తే తప్పు వెంటనే తెలుస్తుంది. వారం సాధన చేసినా కుంగుతుంటే థెరపిస్టు దగ్గర ఆ కణుపును మాత్రం ఆపే చిన్న ఎనిమిది ఆకారపు స్ప్లింటు చేయించుకోండి. వేలు వంగడానికి అది అడ్డురాదు.

లక్షణం: బంతి పిసికాక రాత్రంతా సలుపు

మెత్తటి బంతి పిసకమనే సలహా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. సలుపుకు కారణం తేలికే: పిసికేటప్పుడు ఎక్కువగా పనిచేసేది ఇందాకటి అడక్టర్ కండరమే. అది ముందే బిగిసి ఉంది, దానికి ఇంకా బలమిస్తే జారిన కీలును ఇంకా జారుస్తుంది. వేలు జెడ్‌లా విరిగేవాళ్లు బంతినీ, చేతి వ్యాయామానికి వాడే మెత్తటి పుట్టీ ముద్దను చిటికతో నొక్కడాన్నీ ఆపేయాలి. బలం పెంచవలసిన కండలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది చూపుడువేలి పక్క కండ, వైద్యులు ఫస్ట్ డోర్సల్ ఇంటరాసియస్ అంటారు. ఇది ఎముక మొదలును లోపలికి సర్ది నిలబెడుతుంది. అరచెయ్యి బల్లమీద బోర్లించి, చూపుడువేలిని ఒక్కదాన్నే బొటనవేలి వైపు జరపండి. రెండో చేతి వేలితో దాన్ని మెల్లగా అడ్డుకోండి. బొటనవేలు కదలకూడదు. చేస్తూ ఆ రెండువేళ్ల మధ్య చెయ్యి వెనక భాగాన్ని తడమండి, చిన్న నిమ్మకాయంత కండ గట్టిపడి పైకి లేవాలి. లేవకపోతే వేరే కండతో పని లాగిస్తున్నారు. 5 సెకన్లు, 10 సార్లు. రెండు మూడు వారాల్లో తేలికైపోతే చూపుడువేలి మొదటి కణుపు దగ్గర సన్నటి రబ్బరు బ్యాండు తగిలించి, దాని రెండో కొసను అవతలి చేతితో పట్టుకుని చేయండి.

రెండోది, అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలిని సీలింగు వైపు లేపి, రెండో చేతి వేలితో కిందికి అడ్డుకోవడం. అడ్డు పెట్టేది వేలికొన మీద కాదు, అరచేతి అంచున ఉండే మొదటి ఎముక మీద. కొన మీద నొక్కితే కీలు మీద బరువు మళ్లీ పెరుగుతుంది. ఒకే కసరత్తు ఒకరికి మేలు చేసి ఇంకొకరికి సలుపు తేవడానికి కారణం చాలాసార్లు ఈ మూడు అంగుళాల తేడాయే.

లక్షణం: కసరత్తు మొదలుపెట్టాక నొప్పి పెరిగింది

ఎంత పెరిగింది, ఎంతసేపు ఉంది అన్నదే అసలు ప్రశ్న. సున్నా నుంచి పది కొలతలో మామూలుకంటే రెండు పాయింట్లు పెరిగి, రెండు గంటల్లో పాత స్థితికి వస్తే అది కొత్త పని చేసిన కండ మాట, కొనసాగించండి. మర్నాటి పొద్దునకూ సలుపు మిగిలితే ఎక్కువైంది. రెండు రోజులు గ్లాసు ఆకారం, కండ వదిలించడం మాత్రం చేసి, తరవాత బలం కసరత్తును సగానికి దించండి. పూర్తిగా మానేస్తే కండ మళ్లీ బిగుస్తుంది.

మొదటి రెండు వారాలు బిగువు వదిలించడం, గ్లాసు ఆకారం, సున్నా చుట్టడం, అంతే. మూడో వారం నుంచి బలం కసరత్తులు, వారానికి మూడు నాలుగు రోజులు, మధ్యలో విరామం. తొందరపడి తొలి రోజే అన్నీ చేసినవారే పదో రోజుకి మానేస్తారు.

ఇంకో కారణం కసరత్తు బయట ఉంటుంది. పది నిమిషాలు జాగ్రత్తగా చేసి, మిగతా రోజంతా కీలును నలిపితే లెక్క కుదరదు. పట్టకారు మానేసి మసిగుడ్డలతో గిన్నెను రెండు వైపులా అరచేతులతో దించండి. తడిబట్టను కుళాయికి చుట్టి రెండు చేతులతో మెలిపెట్టండి, వీలైతే పిండకుండా నీరు కారనివ్వండి. బకెట్టు పిడిని నాలుగు వేళ్లకు కొక్కెంలా తగిలించండి. సీసా మూతకు రబ్బరు గుడ్డ వేసి అరచేత్తో తిప్పండి. తాళంచెవి రింగులో చెంచా కాడ దూర్చి తిప్పితే చిటికతో పని లేదు. కత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. ఫోను బల్లమీద పెట్టి చూపుడువేలితో రాయండి.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవారికి బొటనవేలి పని మానమనడం కూడు మానమనడమే. వాళ్లకు చెప్పగలిగింది, ప్రతి 20 నిమిషాలకు ఆగి ఐదుసార్లు గ్లాసు ఆకారం చేయమని, ఆకు మడిచేటప్పుడు మధ్య కణుపు కుంగుతోందేమో చూసుకోమని.

లక్షణం: కట్టు వేసుకున్నా తేడా లేదు

మూడు సంగతులు చూడండి. కట్టు బొటనవేలి మొదట్లోని కీలును పట్టుకోవాలి, వేలికొన కణుపును వదిలేయాలి. మణికట్టు చుట్టూ మాత్రమే ఉండే క్రేప్ బ్యాండేజీ వల్ల ఈ కీలుకు ఉపయోగం లేదు. రెండోది, బరువు పని చేసేటప్పుడు వేసుకుని కసరత్తుకు తీసేయాలి. పొద్దస్తమానం వేసుకుంటే కండలు సోమరిపోతాయి. వేసుకున్నాక వేలికొన నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా వదులు చేయాలి. ఎండాకాలంలో నియోప్రీన్ (సాగే రబ్బరు లాంటి గుడ్డ) కట్టు కింద చెమటకు దద్దుర్లు వస్తాయి, లోపల పలచటి నూలుగుడ్డ తొడుగు వేసుకోండి.

మూడోది ఓపిక. చేతికొలతకు చేయించిన కట్టును రాత్రిపూట పెట్టుకోవడం మీద ఫ్రాన్స్‌లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో నెలకు నొప్పిలో తేడా కనపడలేదు, ఏడాదికి కనపడింది.

నొప్పికి డైక్లోఫినాక్ జెల్ రాసుకునేవారు దాన్ని భోజనం ముందు రాయకండి. మనం తినేది ఆ చేతితోనే. తిన్నాక చెయ్యి కడిగి, ఆరనిచ్చి రాసుకుని, గంటసేపు తడపకండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి.

లక్షణం: ఆరు వారాలైనా ఏమీ మారలేదు

నొప్పి ఒక్కటే కొలిస్తే మార్పు కనపడకపోవచ్చు. ఈ కసరత్తులతో వచ్చే మేలు మామూలుగా చిన్నదే, అదీ ఒక్కోసారి నొప్పిలో కాక పనిలో కనిపించవచ్చు. అందుకే మొదటి రోజే కాగితం మీద చెయ్యి బోర్లించి, బొటనవేలిని తెరిచినంత తెరిచి, చూపుడువేలితో కలిపి పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి ఉంచండి. పక్కనే మూడు పనులు రాయండి: ఉదాహరణకు మిక్సీ జారు మూత తీయడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, లీటరు బాటిలు ఒంటి చేత్తో ఎత్తడం. ఒక్కోదానికీ సున్నా నుంచి పది కష్టం అంకె వేయండి. ఆరో వారం చివర అదే కాగితం మీద మళ్లీ గీసి, అంకెలు మళ్లీ వేయండి.

గీతల మధ్య ఎడం పెరిగి, అంకెల్లో రెండు మూడు పాయింట్లు తగ్గితే పన్నెండు వారాలదాకా సాగించండి. గీత కదలకపోతే బిగువు వదిలించే పని సరిగా జరగలేదు, మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి. గీత కదిలినా పనులు అంతే కష్టంగా ఉంటే ఆ కాగితం పట్టుకుని చేతి సర్జన్ దగ్గరికో, చేతుల మీద అనుభవం ఉన్న ఫిజియో లేదా ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికో వెళ్లండి. ఎక్స్‌రేలో అరుగుదల ఎంత కనిపించినా నొప్పి దానికి తగ్గట్టే ఉండాలని లేదు, కాబట్టి ఇంజెక్షనా, ఆపరేషనా, ఇంకొన్నాళ్లు కసరత్తా అన్నది తేల్చడానికి వాళ్లకు ఫిల్ముతో పాటు ఆ కాగితం కూడా కావాలి.