ప్రత్యేక సాపేక్షత, 3వ పాఠం: బెంగళూరులో ఇప్పుడు, చెన్నైలో ఇప్పుడు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన మ్యూయాన్ లెక్క సరిచూసుకోండి. మ్యూయాన్ అంటే కాస్మిక్ కిరణాల వల్ల పైగాలిలో పుట్టి, త్వరగా నశించే కణం. 1963లో ఫ్రిష్, స్మిత్ ప్రకటించిన ప్రయోగంలో అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద గంటకు సుమారు 563 మ్యూయాన్లు దొరికాయి. అక్కడికి 1,907 మీటర్లు దిగువన గంటకు సుమారు 412 దొరికాయి. ఆ ఎత్తు దిగడానికి 6.4 మైక్రోసెకన్లు పడుతుంది. మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. కాలవ్యాకోచం (కదిలే గడియారం నెమ్మదిగా నడవడం) లేదనుకుంటే 6.4ను 2.2తో భాగించగా 2.9 వస్తుంది, e (2.718) ని మైనస్ 2.9 ఘాతానికి ఎత్తితే 0.055, అంటే కిందికి చేరవలసినవి 31. గడియారం ఎన్ని రెట్లు నెమ్మదో చెప్పే గామాను 8.8 వేసుకుంటే మ్యూయాన్ గడియారంలో గడిచింది 0.73 మైక్రోసెకను మాత్రమే, చేరవలసినవి 404. కొలతకు దగ్గరగా వచ్చింది. ఈ మ్యూయాన్ల వేగం కాంతి వేగంలో 0.995 వంతు, దానికి గామా 10 రావాలి కదా అని అడగవచ్చు. మ్యూయాన్లు గాలిలో దిగేకొద్దీ నెమ్మదిస్తాయి, అందుకే సగటు 10 కన్నా తగ్గింది.

ఇంతవరకూ సులువే. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. మ్యూయాన్ వైపు నుంచి చూస్తే అది నిలకడగా ఉంది, కదులుతున్నది భూమి. కాబట్టి నెమ్మదిగా నడవవలసింది భూమి మీది గడియారం. ఇద్దరిలో ఎవరికి వారు ఎదుటివారి గడియారమే నెమ్మది అంటుంటే రెండూ ఎలా నిజమవుతాయి? సూత్రం కంఠస్థం చేసినవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కాలవ్యాకోచం, దైర్ఘ్య సంకోచం (కదిలే వస్తువు పొడవు తగ్గడం) నేర్చుకుని, వాటికి ఆధారమైన మూడోదాన్ని వదిలేయడమే కారణం. ఆ మూడోది ఏకకాలికత, అంటే దూరదూరంగా జరిగిన రెండు సంఘటనలు ఒకే క్షణంలో జరిగాయా అన్నది. దాన్ని ఈ పాఠంలో కాగితం మీద గీసి, స్కేలుతో కొలిచి నేర్చుకుందాం.

కావలసినవి గ్రాఫు కాగితం, 30 సెంటీమీటర్ల స్కేలు, రెండు రంగుల పెన్సిళ్ళు, క్యాలిక్యులేటరు.

బెంగళూరు, చెన్నై రెండూ ఇంచుమించు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. రైలుదారి సుమారు 360 కిలోమీటర్లయినా తిన్నగా కొలిస్తే దూరం 290 దాకా ఉంటుంది. కాంతి ఒక మిల్లీసెకనులో దాదాపు 300 కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఈ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని 1 కాంతి మిల్లీసెకను అనుకుందాం. ఇంత చక్కగా కుదిరే జంట నగరాలు మన దగ్గర ఉండగా వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. భూమి తిరుగుతోంది కదా అంటే, ఒక మిల్లీసెకనులో ఈ ఊళ్ళు అర మీటరు కూడా జరగవు. దాన్ని వదిలేయవచ్చు.

కాగితం అడుగున కాస్త చోటు వదిలి అడ్డగీత గీయండి. ఎడమ చివర బెంగళూరు, దానికి కుడిపక్క 10 సెంటీమీటర్ల దూరంలో చెన్నై. రెండింటి దగ్గరా నిలువు గీతలు లేపండి. నిలువున 10 సెంటీమీటర్లు ఒక మిల్లీసెకను. ఊళ్ళు కదలవు కాబట్టి ఈ నిలువు గీతలే వాటి చరిత్రలు. బెంగళూరు మూల నుంచి 45 డిగ్రీల గీత గీస్తే అది కాంతి దారి. వస్తువు ఏదైనా దాని గీత దీనికన్నా నిలువుగానే ఉండాలి. మీ పటంలో ఏ రాకెట్ అయినా 45 డిగ్రీలకన్నా పడుకున్నట్టు కనిపిస్తే అడ్డం, నిలువు తారుమారు చేశారన్నమాట. ఈ రకం పటాన్ని 1908లో మింకోవ్‌స్కీ ప్రచారంలోకి తెచ్చాడు. జ్యూరిక్‌లో ఐన్‌స్టీన్‌కు గణితం చెప్పిన ఆచార్యుడు ఆయనే.

ఇప్పుడు రెండో రంగు. కాంతి వేగంలో 0.6 వంతుతో ఒక రాకెట్ బెంగళూరు మీదుగా చెన్నై వైపు పోతోంది. మూల నుంచి, అడ్డంగా 6, నిలువుగా 10 సెంటీమీటర్ల దగ్గరున్న బిందువుకు గీత కలిపి పొడిగించండి. ఇది రాకెట్ కాల అక్షం. అదే మూల నుంచి అడ్డంగా 10, నిలువుగా 6 దగ్గరున్న బిందువుకు మరో గీత. ఇది రాకెట్ ‘ఇప్పుడు’ గీత. దీని మీదున్న సంఘటనలన్నీ రాకెట్‌లోని వారికి ఒకే క్షణంలో జరిగినవి. దీన్ని కాల అక్షానికి లంబంగా గీయాలనిపిస్తుంది. అలా గీస్తే కాంతి వేగం రాకెట్‌కు ఒకటి, భూమికి ఇంకొకటి అయిపోతుంది. రెండు అక్షాలూ 45 డిగ్రీల గీతకు ఇరువైపులా సమానంగా వాలాలి. అప్పుడే కాంతి ఇద్దరికీ ఒకే వేగంతో పోతుంది. ఐన్‌స్టీన్ 1905లో పెట్టిన రెండు ప్రతిపాదనల్లో రెండోదాన్ని ఈ వాలు కాపాడుతోంది.

గామా కట్టండి. 0.6 వర్గం 0.36. 1లోంచి తీస్తే 0.64. వర్గమూలం 0.8. దానితో 1ని భాగిస్తే 1.25.

రాకెట్ బెంగళూరు దాటే క్షణంలో రెండు ఊళ్ళ గడియారాలూ సున్నా చూపిస్తున్నాయని భూమి మీది లెక్క. ఇప్పుడు పటం చూడండి. రాకెట్ ‘ఇప్పుడు’ గీత చెన్నై నిలువు గీతను ఎక్కడ తాకింది? 6 సెంటీమీటర్ల ఎత్తున. అంటే రాకెట్ లెక్కలో, తాను బెంగళూరు దాటుతున్న ఆ క్షణానికే చెన్నై గడియారం 0.6 మిల్లీసెకను చూపిస్తోంది. మనం జాగ్రత్తగా కలిపి పెట్టుకున్న గడియారాలు దాని దృష్టిలో కలవనే లేదు. వేగాన్ని దూరంతో గుణిస్తే వచ్చే ఈ 0.6 అంకె దగ్గర కాసేపు ఆగండి. విచిత్రాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

ప్రయాణం పూర్తిచేద్దాం. భూమి లెక్కలో చెన్నై చేరడానికి 1ని 0.6తో భాగించి 1.667 మిల్లీసెకన్లు. రాకెట్‌కు ఊళ్ళ మధ్య దూరం 0.8 రెట్లకు కుదించుకుని 240 కిలోమీటర్లే అవుతుంది కాబట్టి దాని గడియారంలో 1.333. ఈ వ్యవధిలో చెన్నై గడియారం నెమ్మదిగా నడిచిందని రాకెట్ అంటుంది. 1.333 గుణించు 0.8, అంటే 1.067 మాత్రమే ముందుకు జరిగింది. కానీ అది 0.6 దగ్గర మొదలైంది. 0.6, 1.067 కలిపితే 1.667. రాకెట్ చెన్నై మీదుగా పోతూ కింద గడియారం చూస్తే కనిపించేది సరిగ్గా అదే. భూమివారూ 1.667 అన్నారు, రాకెట్‌వారూ 1.667 అన్నారు. ఎదుటి గడియారం నెమ్మది అన్న ఇద్దరి మాటా నిలిచింది.

స్కేలుతో సరిచూసేటప్పుడు ఒక జాగ్రత్త. వాలు అక్షం మీద 10 సెంటీమీటర్లు ఒక మిల్లీసెకను కాదు. రాకెట్ గడియారం 1 చూపే బిందువు అడ్డంగా 7.5, నిలువుగా 12.5 దగ్గర ఉంటుంది. మూల నుంచి కొలిస్తే 14.6 సెంటీమీటర్లు. చెన్నై గీతను రాకెట్ తాకే బిందువు 19.4 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 14.6తో భాగిస్తే 1.33. మామూలు స్కేలుతోనే చదివి 1.94 అని రాసుకుంటే కాలవ్యాకోచం తలకిందులై కనిపిస్తుంది.

ఇంకో పొరపాటు. చెన్నైలో సున్నా కొట్టినప్పుడు దీపం వెలిగిందనుకోండి. రాకెట్ కాలం కోసం, గామాను (కాలం, మైనస్ వేగం గుణించు దూరం) తో గుణించాలి. 1.25 గుణించు (0 − 0.6), మైనస్ 0.75 మిల్లీసెకను. ఇది పైనున్న 0.6తో కలవలేదేమని కంగారుపడకండి. దీపం వెలిగి రాకెట్ కాలంలో 0.75 అయింది. ఆలోగా నెమ్మదిగా నడిచే చెన్నై గడియారం 0.75 గుణించు 0.8, అంటే 0.6 జరిగింది. రెండూ ఒకే విషయం.

‘వెలిగింది’ వేరు, ‘కనిపించింది’ వేరు. చెన్నై దీపం బెంగళూరువారికి కనిపించేది మిల్లీసెకను తర్వాత. కాంతి ప్రయాణకాలం తీసేశాకనే మనం సంఘటన కాలం రాస్తున్నాం. తీసేసిన తర్వాత కూడా తేడా మిగిలింది కాబట్టే ఇది కంటి భ్రమ కాదు.

మరి వరస తప్పితే కారణానికి ముందే ఫలితం వచ్చేస్తుందా? రాదు. బెంగళూరు నుంచి పంపిన సందేశం రైలుదారి వెంబడి ఆప్టికల్ ఫైబర్‌లో చెన్నై చేరడానికి 1.8 మిల్లీసెకన్లు పడుతుంది. సూత్రంలో వేస్తే 1.25 గుణించు (1.8 − 0.6), ప్లస్ 1.5. సందేశానికి పట్టే కాలం 1 మిల్లీసెకనుకు తగ్గదు, రాకెట్ వేగం 1కి, అంటే కాంతి వేగానికి, చేరదు. కాబట్టి ఆ తీసివేత ఎన్నడూ ఋణం కాదు. వరస తారుమారయ్యేది ఒకదానినొకటి తాకలేని సంఘటనలకే.

గంటకు 110 కిలోమీటర్ల రైలుకు ఈ గడియారాల తేడా 0.1 నానోసెకను. బెంగళూరు నుంచి చెన్నై దాకా మొత్తం ప్రయాణంలో కాలవ్యాకోచం అందులో సగమే, 0.05. మన వేగాల దగ్గర కూడా ఏకకాలికత తేడాయే పెద్దది.

బెంగళూరు శివార్లలో బ్యాలాలులో ఇస్రో నావిగేషన్ కేంద్రం ఉంది. అక్కడ నావిక్ (దారి, స్థానం చూపే మన దేశపు వ్యవస్థ) ఉపగ్రహాల కాలానికి లెక్క కడతారు. ఆ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 3.07 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 4.5 మైక్రోసెకన్లు వెనకబడతాయి, అంటే కాంతి 1.35 కిలోమీటర్లు పోయే కాలం. గురుత్వం వల్ల దాదాపు 51 ముందుకు పోతాయి. అది సాధారణ సాపేక్షత భాగం. ఈ 4.5ను మీరే కట్టేటప్పుడు గామా సూత్రం నేరుగా వాడకండి. పది అంకెల క్యాలిక్యులేటరు గామా 1 అనే చెబుతుంది. ఉపగ్రహ వేగాన్ని కాంతి వేగంతో భాగించి, ఆ నిష్పత్తి వర్గంలో సగం తీసుకుని, రోజులోని 86,400 సెకన్లతో గుణించండి.

అభ్యాసాలు. మొదటిది, 0.8 వేగంతో ఇదే పటం మళ్ళీ గీయండి. చెన్నై గడియారం మొదలు 0.8, నడక 0.45, మొత్తం 1.25 రావాలి. రెండోది, 0.6 రాకెట్ చెన్నైలో చటుక్కున వెనుదిరిగి అదే వేగంతో బెంగళూరు వస్తుంది. తిరగడానికి ముందు, తిరిగిన తర్వాత దాని ‘ఇప్పుడు’ గీతలు బెంగళూరు నిలువు గీతను ఎక్కడెక్కడ తాకుతాయో గుర్తుపెట్టండి. రెండింటి మధ్య 1.2 మిల్లీసెకన్ల ఖాళీ వస్తుంది. నాలుగో పాఠం ఆ ఖాళీతోనే మొదలవుతుంది. ఈ పటానికి నిలువు కాగితం చాలదు, మిల్లీసెకనుకు 5 సెంటీమీటర్లు తీసుకోండి. అడ్డంగా కూడా అంతే తగ్గించండి, లేకపోతే కాంతి గీత 45 డిగ్రీలకు రాదు.