టైర్లు పెద్దవి వేయించారా? ఘాట్ ఎక్కే ముందు మీటరు సంగతి చూడండి

పోయిన వారం మా వీధిలో ఒకాయన బెంగళూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్‌లో ముందు పోతున్న లారీకి కొట్టేశాడు. మనుషులకు ఏమీ కాలేదు, బానెట్టు మాత్రం నుజ్జయింది. "మీటరులో 80 కూడా లేదన్నా" అని ఒకటే మాట. అబద్ధం కాదు. నెల కిందట 185/65 ఆర్15 టైర్లు తీసేసి 205/65 ఆర్16 వేయించాడు.

మీటరుకు వేగం తెలీదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అంతే తెలుసు. ఈ కొత్త టైరు ఒక్కో చుట్టుకు 16 సెంటీమీటర్లు ఎక్కువ పోతుంది, అంటే 8 శాతం పైన. కంపెనీవాళ్ళు మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా పెడతారు. ఆ వెసులుబాటును పెద్ద టైరు తినేస్తుంది.

బ్రహ్మోత్సవాల రద్దీ, తర్వాత నవంబరు వానలు. ఈ లోపే సరిచేయించుకోండి. గాలి, వైపర్లు, బ్రేకులు అందరూ చెప్పేవే, వదిలేద్దాం. నేను చూసిన పెద్ద తప్పు ఒకటుంది: "ఏం గాదులేన్నా, మనసులో ఐదు కలుపుకుంటే సరిపాయ" అనుకోవడం.

సరిపోదు. తేడా శాతంలో పెరుగుతుంది. 40 దగ్గర 3, 60 దగ్గర 5, 100 దగ్గర 8, 120 దగ్గర 10. ఊళ్ళో 60లో చూసుకుని ఐదే కదా అనుకున్నవాడు హైవేలో మోసపోతాడు. పైగా ఆ ఐదు మీ తలలో ఉంది, కారులో లేదు. రాత్రి రెండింటికి స్టీరింగు బావమరిదికి ఇస్తే అతనికేం తెలుసు? 2019 జూలై తర్వాత వచ్చిన కార్లలో 80కి మోగే బీప్ కూడా ఈ తప్పు లెక్కనే నమ్ముతుంది. ఐదు కలుపుకోకండి, సరిచేయించండి.

ముందు తేడా ఎంతో చూడాలి. రేణిగుంట దాటాక నాయుడుపేట రోడ్డులాంటి తిన్నని చోట వేగం మార్చకుండా పోతూ, పక్కనున్నవాళ్ళను ఫోన్ జీపీఎస్ చూడమనండి. కిలోమీటరు రాళ్ళతో కూడా తెలుస్తుంది: 45 సెకన్లకు ఒక రాయి దాటితే అసలు వేగం 80. ఘాట్‌లో మాత్రం కొలవకండి, మలుపుల్లో జీపీఎస్ తడబడుతుంది.

కొత్త కార్లలో కొన్నింటికి షోరూంలో స్కానరు పెట్టి టైరు సైజు మార్చవచ్చు, అన్నింటికీ కుదరదు. కేబులు మీటరున్న పాత కార్లకు గేరుబాక్సులో చిన్న పళ్ళచక్రం మార్చాలి. ఇవేవీ కుదరకపోతే సైజే మార్చండి. 16 అంగుళాల అల్లాయ్ మీద అంత మోజుంటే 195/55 ఆర్16 ఉంది. పాత 185/65 ఆర్15తో ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, మీటరు జోలికే పోనక్కర్లేదు. మీ కారుకు కంపెనీ ఒప్పుకునే సైజేనా కాదా అన్నది ముందు అడగండి.

ఇక మిగిలినవి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) సెన్సారు వైరు ఎవరినీ కత్తిరించనివ్వకండి.

ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వద్దు.

స్టెప్నీ పాత సైజుదే ఉంటే దాంతో కొండ ఎక్కకండి.

తిరిగిన కిలోమీటర్ల అంకె మార్చమని అడగకండి, అది మోసం. మీటరు 10,000 అంటే బండి తిరిగింది 10,800, సర్వీసు ముందే చేయించండి. బాడుగ కార్లవాళ్ళూ, కిలోమీటర్లు తక్కువ చూపితే నష్టం మీకే.

తిరుమల దిగేటప్పుడు ఒక గేరు తక్కువలో దిగండి. టైరు పెద్దదైతే ఇంజను పట్టు తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. దిగడానికి 40 నిమిషాల నిబంధన ఉండనే ఉంది, తొందర దేనికి?

ఇన్సూరెన్సు వాళ్ళకు సైజు మారిందని రాతపూర్వకంగా చెప్పండి.

సరిచేయించాక మళ్ళీ అదే రోడ్డు మీద, 60లో ఒకసారి, 100లో ఒకసారి చూడండి. ఒక్క 60లో చూసి వచ్చేయకండి.