వైబ్రో హ్యామర్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

పైల్‌ను, అంటే నేలలో పాతే పొడవాటి స్తంభాన్నో పలకనో, కంపనాలతో లోపలికి దించే యంత్రం వైబ్రో హ్యామర్. హైడ్రాలిక్ మోటర్లు ఒకవైపు బరువెక్కువున్న చక్రాలను తిప్పితే ఆ కంపనాలు పుడతాయి. అది సరిగా పనిచేయకపోతే పానా పట్టుకునే ముందు గేజ్‌లు చూడండి. మోటర్లకు అందే ఆయిల్ పరిమాణాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ (నిమిషానికి ఎన్ని కంపనాలో), మోటర్ల మీద పడే లోడును బట్టి ప్రెషర్ ఉంటాయి. రెండూ కలిపి చదివితే సగం వెతుకులాట తప్పుతుంది.

ఫ్రీక్వెన్సీ తక్కువ, ప్రెషరూ తక్కువ
ఆయిల్ దారిలోనే పోతోంది. ఇంజిన్ నిర్ణీత ఆర్‌పీఎం అందుకుంటోందా చూడండి. అందుకుంటుంటే తర్వాతి అనుమానం రిలీఫ్ వాల్వ్, అంటే ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలే వాల్వ్. దాని సీటులో చెత్త ఇరుక్కుంటే ఆయిల్ నేరుగా ట్యాంకుకు తిరిగిపోతుంది, ఆ వాల్వ్ బ్లాక్ మిగతా భాగాలకంటే వేడిగా ఉంటుంది. విప్పి శుభ్రం చేసి, సెట్టింగ్ గేజ్ పెట్టి సరిచూడండి. అదీ బాగుంటే ప్రతి మోటరు కేస్ డ్రెయిన్‌కూ (మోటరు లోపల కారే ఆయిల్‌ను ట్యాంకుకు చేర్చే గొట్టానికి) ఫ్లో మీటర్ పెట్టి, ఆయిల్ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు కొలవండి. ఏ మోటరుది బాగా ఎక్కువ వస్తే అరిగింది అదే. అన్నీ సమానంగా, మామూలుగా ఉంటే పంపును పరీక్షించండి.

ఫ్రీక్వెన్సీ తక్కువ, ప్రెషర్ ఎక్కువ
చాలాసార్లు ఇది యంత్రం తప్పు కాదు. గట్టి బంకమన్ను గానీ, ఇంటర్‌లాక్‌లో (పక్క పలకతో కలిసే అంచు గాడిలో) ఒరుసుకుంటున్న షీట్ పైల్ గానీ కారణం. పైల్‌ను కొంచెం పైకి లాగి, నిటారుగా సరిచేసి మళ్లీ దించండి. పైల్ లేకుండా కాసేపు నడిపినా ప్రెషర్ దిగకపోతే రిటర్న్ లైన్ కప్లింగ్ పూర్తిగా బిగిసిందో లేదో చూడండి. సగం బిగిసిన కప్లింగ్ చేసే అల్లరి ఇంతా అంతా కాదు. ఆ తర్వాతే గేర్‌బాక్స్ బేరింగుల దాకా వెళ్లండి.

ఫ్రీక్వెన్సీ బాగుంది, పైల్ దిగడం లేదు
ఇక్కడ లెక్క చేయాలి. ఎక్సెంట్రిక్ మొమెంట్‌ను (తిరిగే బరువును, అది ఇరుసు నుంచి ఉన్న దూరంతో గుణించగా వచ్చేదాన్ని) రెట్టింపు చేసి, కంపించే మొత్తం బరువుతో భాగిస్తే ఆంప్లిట్యూడ్, అంటే పైకీ కిందికీ ఊగే మొత్తం దూరం, వస్తుంది. ఉదాహరణకు మొమెంట్ 30 కిలోగ్రామ్-మీటర్లు అనుకోండి. క్లాంప్‌తో (పైల్ తలను పట్టుకునే భాగంతో) కలిపి హ్యామర్‌లో కంపించే భాగం 3,000 కిలోలు, పైల్ 2,000 కిలోలు అయితే 12 మిల్లీమీటర్లు. అదే పైల్ 5,000 కిలోలైతే 7.5 మాత్రమే, అదీ మన్ను లాక్కునేది లెక్కలో వేయకుండా. అలాంటప్పుడు మరమ్మతుతో పనిలేదు, ఎక్కువ మొమెంట్ ఉన్న హ్యామర్ కావాలి.

క్లాంప్ జారుతోంది
పైల్ తల కాలి నల్లబడినా, కరిగినట్టు కనిపించినా పట్టు జారిందనే అర్థం. వెంటనే ఆపండి. జా (క్లాంప్ దవడ) పళ్లలో మట్టి, తుప్పు గీకేయండి. పళ్లు మొద్దుబారితే మార్చండి. తర్వాత పైల్‌ను నేల మీదే పట్టించి, క్లాంప్ పంపు ఆపి గేజ్ గమనించండి. ప్రెషర్ జారుతుంటే క్లాంప్ చెక్ వాల్వ్ గానీ సిలిండర్ సీల్ గానీ పోయింది. పైల్‌కు సేఫ్టీ స్లింగ్ (పట్టు జారినా పడిపోకుండా కట్టే తాడు) లేకుండా పని మొదలుపెట్టకండి.

గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం పెరుగుతోంది
ఎవరూ పోయకుండానే పెరిగితే మోటరు షాఫ్ట్ సీల్ గుండా హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి వస్తోంది. సీల్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. కేస్ డ్రెయిన్ లైను నలిగిందా, దాని కప్లింగ్ మూసుకుందా చూడండి, అసలు కారణం ఎక్కువగా అదే. ఆయిల్ మొత్తం మార్చాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. హ్యామర్‌ను సమంగా ఆపి, సైట్ గ్లాస్‌లో సూచించిన గీత దాకే నింపండి. ఎక్కువ పోస్తే గేర్లు చిలికి నురగ వస్తుంది, గేర్‌బాక్స్ కాగిపోతుంది.

హైడ్రాలిక్ ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది
కూలర్ రెక్కల మధ్య దుమ్ము, ఫ్యాన్ వేగం, ట్యాంకు మట్టం, ఈ వరసలో చూడండి. పంపు గరగరలాడుతుంటే సక్షన్ వైపు గాలి లాగుతోందని గానీ స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ) మూసుకుందని గానీ అనుమానించండి.

ఇక రోజూ చూడవలసినవి సస్పెన్షన్ రబ్బర్ల (కంపనాలు క్రేన్‌కు పాకకుండా ఆపే దిమ్మెల) పగుళ్లు, హోస్‌ల రాపిడి, బోల్టుల బిగువు. కొత్త బోల్టులను మొదటి షిఫ్టు కాగానే టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకకండి, అట్ట ముక్క వాడండి. క్లాంప్ దగ్గర వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లిప్‌ను వెల్డ్ పక్కనే తగిలించండి. కరెంటు బేరింగుల గుండా పోతే రోలర్ల మీద గుంటలు పడతాయి.