రొయ్యల గుంట దగ్గర 4జీ మోడెమ్ లేవకపోతే లైనక్స్‌లో ఎక్కడ చూడాలి

అల్లూరు, కొత్తపట్నం వైపు గుంటల మీద డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కొలిచే పెట్టెలు పెట్టుకున్నవాళ్లకు వాటితో అసలు పని తెల్లవారుజామునే. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. ఆ వేళ కరెంటు పోయి వచ్చి మోడెమ్ లేవలేదంటే రైతు ఫోన్‌కు మెసేజ్ రాదు. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ ఆగిందని తెలిసేసరికి పంట పోతుంది.

మోడెమ్ లేవకపోతే చాలామంది వెంటనే డ్రైవర్‌ని అనుమానించి ఓఎస్ మళ్లీ ఎక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు యూఎస్‌బీకి తగిలించినవాటి జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి మోడెమ్ ఐడీ చూడండి. తప్పు కరెంటుదో, ఫర్మ్‌వేర్‌దో (మోడెమ్ లోపలి సొంత సాఫ్ట్‌వేర్), డ్రైవర్‌దో అక్కడే తేలిపోతుంది.

ఐడీ కనిపించదు, లేదా వచ్చి పోతుంటుంది

డీమెస్గ్‌లో (లైనక్స్ కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఎర్రర్ -71, ఎర్రర్ -110 వరుసగా కనిపిస్తుంటే ముందు పవర్ సంగతి చూడండి. మోడెమ్ టవర్‌ని పట్టుకునే క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. 2జీలో అయితే అది 2 ఆంపియర్ల దాకా వెళ్లగలదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇచ్చేదే 1.2 ఆంపియర్లు. జనరేటర్ అందుకునేటప్పుడు వోల్టేజ్ కూడా ఊగుతుంది. అప్పుడు బోర్డు తట్టుకున్నా, మోడెమ్ ఫర్మ్‌వేర్ సగం బూట్‌లో నిలిచిపోవచ్చు.

సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి, కేబుల్ పొట్టిది వాడండి. సముద్రపు గాలికి పిన్నులు పచ్చబడతాయి కాబట్టి వాటినీ చూడండి. ఇంకో సంగతి: అలాంటి హబ్ మీద ఉన్న మోడెమ్‌కి బోర్డు రీబూట్‌తో కరెంటు తెగదు. బిగుసుకుపోయిన ఫర్మ్‌వేర్ కదలాలంటే హబ్ పవర్ తీసి వేయాలి. మనిషి లేని గుంట మీద ఆ పనికి చిన్న రిలే (దానంతటదే కరెంటు తీసి వేసే స్విచ్) పెట్టుకోవడం మంచిది.

ఐడీ 05సి6:9008 అని వస్తుంది

క్వెక్టెల్ ఈసీ25 మోడెమ్ ఆరోగ్యంగా ఉంటే 2సి7సి:0125 అని చూపిస్తుంది. 9008 వచ్చిందంటే లోపలి క్వాల్‌కామ్ చిప్ అత్యవసర డౌన్‌లోడ్ మోడ్‌లో ఆగింది, అసలు ఫర్మ్‌వేర్ మొదలే కాలేదు. లైనక్స్ డ్రైవర్లతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. పవర్ పూర్తిగా తీసి, కాసేపాగి ఇవ్వండి. మళ్లీ 9008 వస్తే క్యూఫైర్‌హోస్ అనే క్వెక్టెల్ టూల్‌తో ఫర్మ్‌వేర్ తిరిగి ఎక్కించాలి. ఫైలు మీ మోడెమ్ లేబుల్ మీదున్న మోడల్‌కి అచ్చంగా సరిపోవాలి. ఈ పని గుంట గట్టు మీద వద్దు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. ఇంటికి తెచ్చి, బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయండి.

మోడెమ్ బదులు సీడీ డ్రైవ్ కనిపిస్తుంది

హువావే డాంగిల్ 12డి1:1ఎఫ్01 అని చూపిస్తే అది ఇంకా స్టోరేజ్ మోడ్‌లోనే ఉంది, అంటే మోడెమ్‌గా మారలేదు. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ, దాని డేటా ప్యాకేజీ వేసి, డాంగిల్ తీసి పెట్టండి.

ఐడీ సరిగ్గానే ఉంది, పోర్టులు రావు

మోడెమ్ పోర్టులైన టీటీవైయూఎస్‌బీ0, సీడీసీ-డబ్ల్యూడీఎం0 రెండూ లేకపోతే ఇది నిజంగా డ్రైవర్ సమస్యే. మొదటిదానికి ఆప్షన్, రెండోదానికి క్యూఎంఐ_డబ్ల్యూవ్యాన్ అనే కెర్నల్ మాడ్యూల్ (డ్రైవర్ ఫైలు) కావాలి. అప్‌డేట్ చేసి రీబూట్ చేయకపోతే, నడుస్తున్న పాత కెర్నల్‌కి దాని మాడ్యూళ్లు దొరక్కపోవచ్చు. యూనేమ్ -ఆర్ చూపే వెర్షన్ పేరుతో లిబ్‌లోని మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఏమీ లేకపోతే రీబూట్ చేస్తే సరి.

పోర్టులు ఉన్నా ఎంఎంసీఎల్ఐ -ఎల్ మోడెమ్ లేదంటుంది

ఎంఎంసీఎల్ఐ అనేది మోడెమ్‌లను నడిపే మోడెమ్‌మేనేజర్ సర్వీస్‌ని అడిగే కమాండ్; -ఎల్‌లో ఎల్ పెద్ద అక్షరం. కంగారు పడకండి, కాసేపు ఆగండి. పవర్ వచ్చాక మోడెమ్ బూట్ అవ్వడానికే పది పదిహేను సెకన్లు పడుతుంది, ఆ తర్వాత మోడెమ్‌మేనేజర్ దాన్ని పరీక్షిస్తుంది. అప్పటికీ రాకపోతే మోడెమ్‌మేనేజర్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. సిమ్-మిస్సింగ్ అని వస్తే సిమ్ తీసి, తుడిచి పెట్టండి.

పెట్టె బిగించాక రైతు ఎదుటే మెయిన్ ఆపి వేసి చూడండి, తర్వాత జనరేటర్ మీద కూడా. రెండుసార్లూ మెసేజ్ ఫోన్‌కు వచ్చాకే గుంట దగ్గర నుంచి కదలండి.