పాలు లేని పెరుగు ఇంట్లోనే తోడు పెట్టుకోవడం ఎలా: పల్లీ, సోయా, జీడిపప్పు, కొబ్బరి

ఇంటిల్లిపాదీ వీగన్ అవుదాం, అంటే పాలు, నెయ్యితో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తినొద్దు అనుకున్నాక టీలో పాలు మానేయడం అంత కష్టమేం కాదు, నెయ్యి కూడా మెల్లిగా మర్చిపోతాం, కానీ పెరుగు దగ్గరకొచ్చేసరికి అందరూ ఆగిపోతారు. పప్పు, కూర, చారు ఎన్ని తిన్నా ఆఖర్న ఆ నాలుగు ముద్దలు పెరుగన్నం పడకపోతే భోజనం అయినట్టే ఉండదు కదా మనకి. ముందే ఒక మాట చెప్తా, గేదె పాల పెరుగులా అచ్చం అదే రుచి, అదే మీగడ ఉండేది ఇంకోటి దొరుకుతుందేమో అని వెతక్కండి, దొరకదు. ఏ వంటకి ఏ పెరుగు అని విడివిడిగా చూసుకోండి, అప్పుడు ఇంట్లో ఎవరూ గొణగరు. మా ఇంట్లో రోజువారీకి పల్లీ పెరుగు, దద్దోజనానికి జీడిపప్పు, రైతాకి సోయా.

ఫస్ట్ వచ్చే డౌట్ తోడు గురించే. మామూలు పెరుగు చుక్క వేస్తే అది వీగన్ అవదు, మరి తోడు ఎక్కడ్నుంచి తేవాలి? పచ్చిమిరపకాయ ముచ్చికల్లోంచి. పాలు పుల్లబెట్టే బ్యాక్టీరియా కూరగాయల మీద కూడా ఉంటుంది, మిరపకాయ తొడిమ దగ్గర బానే ఉంటుంది. ఎనిమిదో పదో మిరపకాయలు కడిగి, పైన పచ్చటి టోపీతో సహా తొడిమలు తుంచి, అరకప్పు గోరువెచ్చటి పల్లీ పాలల్లో (ఎలా తీసి కాచాలో కింద చెప్తా) మునిగేలా వేసి, మూతపెట్టి వెచ్చటి చోట పది పన్నెండు గంటలు వదిలేయండి. చిక్కబడి పుల్లటి వాసన వస్తే తొడిమలు తీసేయండి, మీ తోడు రెడీ. దీన్ని తినేయకండి, కొంచెం మిరపకాయ వాసన ఉంటుంది, రుచి కూడా అంతంతమాత్రమే. దీంతో తోడు పెట్టిన తర్వాతి గిన్నె నుంచే అసలు పెరుగు. తొడిమల గొడవ వద్దనుకుంటే మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ క్యాప్సూల్ విప్పి పొడి కలపొచ్చు, కాకపోతే కొన్నిట్లో లాక్టోస్ అనే పాల చక్కెర ఉంటుంది, కొన్నిటి పైతొడుగు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌ది, లేబుల్ చూసి కొనండి.

ఇక పల్లీ పెరుగు. ఇది చవక, ఏ కిరాణా కొట్లో అయినా దొరికే సరుకు, అందుకే నా ఓటు దీనికే. ఒక కప్పు పచ్చి పల్లీలు తీసుకోండి, వేయించినవి పనికిరావు. ముందు చాటలో పోసి ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి, బద్ధకించకండి, పల్లీకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది ఉడకబెట్టినా పోదు. ఆరేడు గంటలు నానబెట్టి, చివర్లో కాసేపు వేడి నీళ్ళల్లో వేస్తే పొట్టు రెండు చేతుల మధ్య రుద్దితే ఊడొచ్చేస్తుంది. పొట్టు తీయకపోయినా పెరుగు అవుతుంది గానీ రంగు మాసినట్టు ఉండి కొంచెం వగరు తగుల్తుంది, పిల్లలు మొహం పక్కకి తిప్పేస్తారు. మిక్సీలో ముందు ఒక కప్పు నీళ్ళే పోసి వెన్నలా మెత్తగా రుబ్బి, తర్వాత ఇంకో రెండు కప్పులు పోసి తిప్పి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండండి.

ఈ పాలు కాచేటప్పుడు పక్కనే నిలబడాలి, ఫోన్ చూస్తూ చేసే పని కాదిది. సన్న సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది, ఆ మాడు వాసన గిన్నెంతా పట్టేస్తుంది. పొంగొచ్చాక కూడా ఇంకో ఆరేడు నిమిషాలు కాచండి, పచ్చి వాసన పోయి గరిటె వెనక పల్చటి పొరలా అంటుకుంటే చాలు. ఇక్కడే ఒక చిన్న చెంచా చక్కెర కలపండి, తియ్యదనం కోసం కాదు, పాలల్లో ఉండే లాక్టోస్ వీటిల్లో ఉండదు కాబట్టి బ్యాక్టీరియాకి తిండి కావాలి, పెరుగయ్యాక ఆ తీపి పెద్దగా తెలీదు. వేలు ముంచితే వెచ్చగా ఉండి చురుక్కుమనకూడదు, థర్మామీటర్ ఉంటే 40 నుంచి 43 డిగ్రీలు, అప్పుడు రెండు చెంచాల తోడు వేసి బాగా కలిపి మూతపెట్టి కదపకుండా ఉంచేయండి. ఎండాకాలం బెజవాడలో అయితే నాలుగైదు గంటలకే తోడుకుంటుంది, చలికాలం హైదరాబాద్‌లో రాత్రి పెడితే పొద్దున్నకి కూడా ఒక్కోసారి అవదు, అప్పుడు హాట్‌ప్యాక్‌లో పెట్టి దుప్పటి చుట్టండి లేదా బియ్యం డబ్బాలో దించేయండి. గిన్నె పక్కకి వంచితే అంచు వదిలి మెత్తగా కదిలితే అయినట్టు. మధ్యలో పగుళ్ళిచ్చి నీళ్ళు తేలాయంటే పులిసిపోయింది, పారేయక్కర్లేదు, మజ్జిగ పులుసుకి సరిగ్గా సరిపోతుంది. గులాబీ రంగు గానీ, నల్ల మచ్చలు గానీ, జిగురు గానీ కనిపిస్తే మాత్రం ఇంక ఆలోచించకుండా పారబోయండి. కొంచెం కమ్మగా కావాలంటే పావు వంతు పల్లీలు తగ్గించి ఆ మేరకి జీడిపప్పు కలిపి రుబ్బండి. గుడ్డలో మిగిలిన పిప్పి ఉంది చూశారూ, దాన్ని బెండకాయ వేపుడులోనో బీరకాయ కూరలోనో వేసేయండి, లేదంటే ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి వేయించి పొడి కొట్టుకోవచ్చు.

సోయా పెరుగు గట్టిగా తోడుకుంటుంది, కత్తితో కోస్తే ముక్క వచ్చేలా. కారణం ప్రోటీన్, పులుపు తగిలితే పాల ప్రోటీన్ గడ్డకట్టినట్టే సోయాది కూడా గడ్డకడుతుంది. గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు రుద్ది తీసేసి, వేడి వేడి నీళ్ళతో రుబ్బండి, చల్లటి నీళ్ళతో రుబ్బితే ఆ పచ్చి చిక్కుడు వాసన పట్టుకుని వదలదు. కాచేటప్పుడు తొందరగా నురగ పొంగుతుంది, అది చూసి కాగిపోయాయి అనుకుని దించేయకండి, సెగ తగ్గించి పదిహేను ఇరవై నిమిషాలు కాచాల్సిందే, పచ్చి సోయా అరగదు, కడుపు ఉబ్బుతుంది. బయట దొరికే సోయా పాల డబ్బాతో కూడా పెట్టొచ్చు, కానీ వెనిలా ఫ్లేవర్ ఉన్నవి వద్దు, సోయా, నీళ్ళు తప్ప ఇంకేం లేనిది చూడండి.

జీడిపప్పు చేయడం చాలా ఈజీ. వేడి నీళ్ళల్లో గంటన్నర రెండు గంటలు నాననిచ్చి, కప్పుకి కప్పున్నర నీళ్ళతో రుబ్బి, వడకట్టకుండానే కాస్త వెచ్చజేసి తోడు పెట్టేయడమే. రుచి బ్రహ్మాండం, రేటు చూస్తేనే గుండె గుభేలు, అందుకే పండగలకి, చుట్టాలొచ్చినప్పుడు. కొబ్బరి పాల పెరుగుని నెట్‌లో తెగ పొగుడుతారు గానీ నాకైతే అన్నంలోకి అస్సలు నచ్చలేదు. అందులో ప్రోటీన్ తక్కువ, గడ్డకట్టడానికి ఏం ఉండదు, ఫ్రిజ్‌లో గట్టిపడేది కొబ్బరి నూనె వల్ల, బయట పెడితే మళ్ళీ నీళ్ళే. కాస్త కార్న్‌ఫ్లోర్ వేసి కాచి తోడు పెట్టి, మామిడిపండు లస్సీకి వాడుకోండి, దానికి బావుంటుంది. బాదం సంగతి వదిలేయండి, డబ్బు దండగ.

వంటల్లోకి వస్తే, మజ్జిగలో తేడా అస్సలు తెలీదు, అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి నలిపి వేసి పల్చగా చేస్తే మా అత్తయ్య రెండో గ్లాసు అడుగుతారు. మజ్జిగ పులుసుకి ముందు శనగపిండి బాగా కలిపి సన్న సెగ మీదే పెట్టండి, మరగకాస్తే పల్లీ పెరుగు పలుకులు పలుకులుగా అయిపోతుంది. పెరుగు గారెలకి సోయా, పల్లీ సగం సగం. పోపు నూనెతోనే, ఇంగువ కాస్త ఎక్కువ పడితే పల్లీ వాసన అణుగుతుంది.

పిల్లలున్న ఇల్లయితే ఇది గుర్తుపెట్టుకోవాలి, పాల పెరుగులో వచ్చే కాల్షియం పల్లీ పెరుగులో రాదు, రాగులు, నువ్వులు, మునగాకు రోజూ ఏదో రూపంలో పడాలి. విటమిన్ బి12 మాత్రం వీటిల్లో దేన్లోనూ లేదు, డాక్టర్‌ని అడిగి ట్యాబ్లెట్ వాడాల్సిందే, పెరుగు పులిస్తే వచ్చేస్తుందన్న మాట నమ్మకండి. పల్లీ ఎలర్జీ ఉన్నవాళ్ళకి పల్లీ పెరుగు పెట్టనే కూడదు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో యోగర్ట్ బటన్ ఉంటే నొక్కేసి నిద్రపోవచ్చు, కానీ అక్కడ చాలా స్కూళ్ళల్లో పల్లీలు రానివ్వరు, లంచ్ బాక్స్‌లోకి సోయా పెరుగన్నమే సేఫ్.

బయట కొనేటప్పుడు పచ్చ చుక్క చూసి మోసపోకండి, అది వెజ్ అని మాత్రమే, పాలు ఉన్నవాటికి కూడా అదే చుక్క. 2022లో వచ్చిన వీగన్ ఫుడ్స్ రూల్స్ ప్రకారం వీగన్ లోగో వేరే ఉంది, ఆకుతో ఉన్న పచ్చటి వి అక్షరం. లోగో లేకపోతే వెనక మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ లాంటి పాల నుంచి తీసే వాటి పేర్లు ఉన్నాయేమో చదవండి.

తోడుకున్న పెరుగు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవుంటుంది. కొత్త గిన్నెలోంచి ముందే రెండు చెంచాలు తడి లేని చిన్న డబ్బాలోకి తీసి పక్కన పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు ఊడ్చేస్తారు. ఊరెళ్తుంటే ఆ తోడుని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, వచ్చాక ఒక ముక్క కరిగించి వేయండి, మొదటిసారి కాస్త లేటుగా తోడుకుంటుంది అంతే. అది కూడా పనిచేయకపోతే మళ్ళీ మిరపకాయ తొడిమలే.